కూమ్ వచ్చే రోజు

మార్చి 4

నడుము నొప్పి తగ్గాలంటే కాస్త బరువులెత్తమని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి జిమ్‌కి బయల్దేరాను. నడుము కోసమే. ఇంకెవరి కోసమూ కాదు.

మూతపడ్డ నేత మిల్లు కింద, నేలమాళిగలో ఉంది. సగం మెట్లు దిగేసరికి కింద గోడకున్న అద్దంలో నా కాళ్ళు కనిపించాయి, అన్నయ్య పాత ట్రాక్ ప్యాంటులో. లోపల మగాళ్ళు గట్టిగా నవ్వారు. నన్ను చూసే నవ్వి ఉంటారు. వెనక్కి తిరిగి ఎక్కేశాను.

మార్చి 5

వెళ్ళలేదు. కొట్లో పని ఎక్కువగా ఉంది.

మార్చి 8

మహిళా దినోత్సవం. మా మాంసం కొట్టు యజమాని ఆడవాళ్ళకి తలో పువ్వు ఇచ్చాడు. నాది ఎముకల తొట్టిలో పడేశాను.

పోయినేడు ఇదే రోజు పొద్దున నా మొగుడు టిహోమిర్ ఎర్ర పువ్వు తెచ్చి నా చెవి పక్కన పెట్టాడు. సాయంత్రం సూప్‌లో ఉప్పెక్కువైందని అదే చెవి మీద కొట్టాడు. చాలా రోజులు ఆ చెవిలో ఈల మోగింది.

వాడిప్పుడు జైల్లో ఉన్నాడు. నా మోచెయ్యి విరిచినందుకు ఎనిమిది నెలలు వేశారు. మేకని దొంగిలిస్తే అంతకంటే ఎక్కువ పడుతుందట. అక్టోబరులో వదిలేస్తారు.

వాడంటే నాకు భయం లేదు. రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 11

ఇవాళ లోపలికి వెళ్ళాను. ఎంత సిగ్గు! పెళ్ళిపీటల మీద కూడా నాకింత సిగ్గు వెయ్యలేదు.

యజమాని గ్రాదా బాబాయ్ ముసలి మల్లయోధుడు. చెవులు రెండూ నలిపేసిన వంకాయల్లా ఉన్నాయి. నన్ను పైనించి కిందికి చూసి, "ఏం కావాలి అమ్మాయ్?" అన్నాడు.

"నడుము నొప్పి."

"నడుము నొప్పయితే వేణ్ణీళ్ళ సీసా పెట్టుకో. ఇక్కడికెందుకూ?"

ఏం చెప్పాలో తెలియక డబ్బు బల్ల మీద పెట్టాను. లోపల నాలుగు గోడలకీ అద్దాలే. ఎటు తిరిగినా నేనే. నలభై నాలుగేళ్ళ లావుపాటి స్తామెంకా, గొంతుదాకా జిప్పు లాక్కున్న జాకెట్టులో, చెమటలు కక్కుతూ. ఒక యంత్రం ఖాళీగా కనబడితే గబగబా వెళ్ళి కూర్చున్నాను. పక్కనించి ఒక కుర్రాడు, టాక్సీ నడుపుతాడట, పేరు నేష్కో, "అక్కా, బస్సు అటు వెళ్ళదు," అన్నాడు. యంత్రం మీద ముందూ వెనకా తెలియక తిరగేసి కూర్చున్నాను మరి. అందరూ గొల్లుమన్నారు.

నేనూ నవ్వాను. నవ్వుతూనే, బల్ల మీదున్న చిన్న ఇనప చక్రం తీసి వాడి పళ్ళ మీద కొట్టాలనిపించింది. ఒక్కటి కాదు, పళ్ళన్నీ రాలేదాకా. నాకే ఒళ్ళు జలదరించింది.

మార్చి 19

వెళ్తున్నాను. మూల బల్ల దగ్గర, అద్దానికి వీపు పెట్టి చేస్తున్నాను. ఎవరైనా దగ్గరికొస్తే నీళ్ళు తాగుతున్నట్టు నటిస్తున్నాను. ఇవాళ మూడు సీసాలు తాగాను.

కిటికీ గురించి రోజూ గొడవే. చెమట కంపుకి ఊపిరాడక ఎవరో తెరుస్తారు. "గాలి దూరుతోంది, వీపులు పట్టేస్తాయి, చస్తారు!" అని బాబాయ్ మూసేస్తాడు. ఈ విషయంలో ఆయనే కరెక్టు.

మార్చి 27

కొట్టు నుంచి రెండు కిలోల కీమా కలిపి తీసుకెళ్ళాను, కాల్చుకు తింటారని. అందరూ సంతోషించారు. జివానా తప్ప. జివానా ఒకప్పుడు గుండు విసిరే ఆటలో ఛాంపియన్, ఇప్పుడు రొట్టెల వ్యాను తోలుతుంది. జిమ్‌లో నేను కాక ఉన్న ఆడది అదొక్కతే. భుజాలు చూస్తే తలుపుకి అడ్డం పెట్టొచ్చు.

"మాంసం తెస్తే మేం నిన్ను చూడ్డం మానేస్తామనా అక్కా?" అంది.

"కాదు, ఊరికే..."

"ఏడ్చావ్‌లే. అసలు నిన్నెవడు చూస్తున్నాడే? అటు చూడు. నేష్కోగాడు వాడి చేతి కండ చూసుకుంటున్నాడు. బాబాయ్ కిటికీ చూస్తున్నాడు. ఇక్కడ ఎవడి అద్దం వాడిది. నువ్వేమైనా సినిమా స్టారువా?"

మొహం మీద కొట్టినట్టు చెప్పింది. ఇంటికొచ్చేదాకా తిట్టుకున్నాను దాన్ని. పడుకునే ముందు మాత్రం కాస్త తేలిగ్గా అనిపించింది.

ఏప్రిల్ 10

జివానా నన్ను గుద్దుల సంచి దగ్గరికి లాక్కెళ్ళింది. "ఒక్కటి కొట్టు."

"నాది నడుము నొప్పి."

"ఒక్కటి."

కొట్టాను. సంచి కదల్లేదు. "అది పిండి పిసకడం. కొట్టమంటే కొట్టాలి. కాలి మడమ నుంచి రావాలి, తుంటి తిరగాలి," అని చూపించింది. ఇంకొకటి కొట్టాను. ఇంకొకటి. తర్వాత ఏం జరిగిందో సరిగ్గా గుర్తులేదు. జివానా నన్ను నడుం పట్టుకుని వెనక్కి లాగుతోంది. సంచి మీద ఎర్రటి మరకలు. నా వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయింది. నోటి నుంచి ఏవేవో బూతులు వస్తున్నాయి. అమ్మని తిడుతూ మా నాన్న నోట విన్నవి.

ఈసారి నిజంగానే అందరూ నన్ను చూస్తున్నారు.

గ్రాదా బాబాయ్ వచ్చి కణుపులకి రాకియా సారా పోశాడు. మంటకి కేకేశాను. "నడుము నొప్పి ఎలా ఉంది అమ్మాయ్?" అన్నాడు.

ఏప్రిల్ 11

కొట్లో చేతి కట్లు చూసి అందరూ అడిగారు. కత్తి తెగిందన్నాను.

మే 16

ఎంత పని చేశాను!

నేల మీది కడ్డీ ఎత్తుతున్నాను. ఎవరో వెనకనించి వచ్చి నా నడుము మీద అరచెయ్యి వేశారు. అంతే. కడ్డీ వదిలేశాను, తిరిగాను, కొట్టాను. చేతికి మెత్తటి ఎముక తగిలింది. కొట్లో రోజూ వినే చప్పుడే. నేష్కో మొహం పట్టుకుని కింద కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం. "వీపు వంచకు అని చెప్దామనీ..." అంటున్నాడు పాపం.

పారిపోయి వచ్చాను. జాకెట్టు అక్కడే మర్చిపోయాను. ఇక ఆ గుమ్మం తొక్కను.

తొక్కను గానీ, ఇక్కడైనా నిజం రాసుకోవాలి. ఆ చప్పుడు విన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. నేష్కో కనబడలేదు. టిహోమిర్ కనిపించాడు.

మే 19

పొద్దున కొట్టుకి నేష్కో వచ్చాడు. ముక్కులో దూది, కళ్ళ కింద నలుపు. వాడు కౌంటరుకి రెండు గజాల దూరంలో ఆగిపోయి చేతులు రెండూ పైకెత్తాడు.

"నువ్వక్కడే ఉండక్కా. కత్తి కింద పెట్టు. నేను సారీ చెప్పడానికొచ్చా."

"నేను కదా చెప్పాలి."

"ఇద్దరం చెప్పుకుందాం. మా అమ్మకి మాత్రం టాక్సీ గుద్దుకుందని చెప్పా. ఆడదాని చేతిలో అంటే పరువుపోద్ది." జాకెట్టు సంచి చాపాడు. "బాబాయ్ కొత్త రూలు పెట్టాడు. ఎవర్నీ వెనకనించి ముట్టుకోకూడదంట. ముందుకొచ్చి అడగాలంట. గోడ మీద రాసి పెట్టాడు."

వాడికి కీమా కట్టిచ్చాను, డబ్బు తీసుకోలేదు. వాడు వెళ్ళాక వెనక గదిలోకెళ్ళి ఏడ్చాను. ఇన్నేళ్ళలో నన్ను ముట్టుకునే ముందు అడగాలని ఎవరికైనా తోచిందా?

జూన్ 21

ఎండ మండిపోతోంది, జిమ్ కిటికీ మాత్రం మూసే ఉంది. జాకెట్టులో ఉడికిపోయి కళ్ళు తిరిగాయి. జివానా ఏమీ అడక్కుండా జిప్పు లాగడానికి చెయ్యి చాపి, ఆగి, "తియ్యనా?" అంది. నేనే తీసేశాను.

ఎడమ మోచెయ్యి తిన్నగా చాపితే తిన్నగా రాదు. పక్కకి తిరిగి ఉంటుంది. మీద పొడుగాటి గాటు. టిహోమిర్ నా చేతిని వంటింటి సింకు అంచు మీద పెట్టి, ఇంకో చేత్తో కిందికి నొక్కాడు, పొయ్యిలోకి పుల్ల విరిచినట్టు. అప్పుడు వాడి మొహంలో కోపం కూడా లేదు.

జివానా గాటుని చూసింది. "ప్లేటు వేశారా?"

"ప్లేటు, మేకులు."

"అబ్బో! లోపల కూడా ఇనుమే ఉంటే బయటి ఇనుముకి అంత బెదురెందుకే నీకు?"

నవ్వొచ్చింది. సాయంత్రమంతా చేతులు బయటపెట్టుకునే తిరిగాను. అద్దానికి ఎదురుగా నిలబడి చేశాను. లావుగానే ఉన్నాను. అయితే ఏంటట?

జూలై 30

కలలో టిహోమిర్‌ని కొక్కేనికి వేలాడదీసి, కొట్లో పంది తొడని విప్పినట్టు కీలు కీలూ విప్పాను. చాలా శుభ్రంగా వచ్చింది పని. లేచాక ఆకలేసింది.

సెప్టెంబరు 14

ఊరంతా కాల్చిన ఎర్ర మిరపకాయల వాసన. మా పెరట్లోనూ పొయ్యి పెట్టాం. అమ్మ కాలుస్తోంది, వెరిత్సా వదిన, నేను తొక్కలు తీస్తున్నాం. ల్యూబిషా అన్నయ్య రాకియా గ్లాసుతో వచ్చి, నావైపు కాకుండా మిరపకాయల వైపు చూస్తూ చెప్పాడు.

"టిహోమిర్ జైల్నించి ఫోన్ చేశాడు. స్లావాకి వస్తాట్ట."

స్లావా అంటే మా ఇంటి దేవదూత పండుగ, నవంబరు ఇరవై ఒకటి. నాన్న పోయాక అన్నయ్యే చేస్తున్నాడు.

"నువ్వేమన్నావ్?" అన్నాను.

"ఏమంటాను? స్లావాకి ఎవర్నీ పిలవరు, వచ్చినవాణ్ణి పొమ్మనరు. పైగా వాడు నా కూమ్. పెళ్ళిలో నాకు సాక్షి నిలబడ్డాడు. నా బిడ్డకి జ్ఞానస్నానం చేయించి పేరు పెట్టాడు."

"నా చెయ్యి విరిచాడు."

"అది మొగుడూ పెళ్ళాల సంగతి. కూమ్ సంగతి వేరు. పైన దేవుడు, కింద కూమ్. కూమ్‌ని గుమ్మంలోంచి తిప్పి పంపితే ఇల్లు నిలబడదు స్తామా." గ్లాసు గడగడా తాగేశాడు. "వాడు మారాడట. పండుగ బల్ల దగ్గర నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అందరి ముందూ రాజీపడి, ఇంటికి తీసుకెళ్తానంటున్నాడు. నువ్వూ ఎన్నాళ్ళుంటావ్ ఇక్కడ?"

ఆ బల్ల దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే కలిసిపోయినట్టే ఊరంతా లెక్కేస్తుంది. ఆ తర్వాత కాదన్నా వినేవాడుండడు. కత్తి నా చేతిలోనే ఉంది. తొక్కతోపాటు బొటనవేలు కోసుకున్నాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. అమ్మ ఎప్పుడూ ఏమీ అనదు.

అక్టోబరు 14

వచ్చాడు. కొట్టుకి. గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని.

"అర కిలో కీమా. కొవ్వు తక్కువ వెయ్యి."

తూకం వేశాను. నా చేతులు వాటంతటవే పని చేశాయి.

"చెయ్యెలా ఉంది?" అన్నాడు మెల్లగా, మంచివాడిలా. నేను కాగితం చింపుతుంటే కౌంటరు మీదికి వంగి, "కండలు పెంచుతున్నావటగా. ఊరంతా నవ్వుతోంది. ఈ వయసులో, ఈ ఒంటితో, కుర్రాళ్ళ మధ్య ఎగురుతున్నావట. నీకు సిగ్గు లేకపోయినా నాకుంది. ఇంటికొచ్చాక అవన్నీ మానేద్దువుగాని. స్లావాకి ఆ నీలం గౌను వేసుకో," అన్నాడు.

పొట్లం కట్టి ఇచ్చాను. "థాంక్యూ, మళ్ళీ రండి," అన్నాను. అందరికీ అనే మాటే.

థాంక్యూ అన్నాను వాడితో.

అక్టోబరు 15

జిమ్‌కి వెళ్ళలేదు. నడుము బాగానే ఉంది.

అక్టోబరు 23

వెళ్ళలేదు. జలుబు.

నవంబరు 2

నడుము బాగానే ఉంది. ఇక వెళ్ళక్కర్లేదు. ఊరంతా నవ్వుతోంది.

నవంబరు 5

అన్నయ్యతో చెప్పాను, పండుగ రోజు వ్లాసోతింత్సెలో మేనత్త ఇంటికి పోతానని. అన్నయ్య మొహం వెలిగిపోయింది. "అదీ మంచిదే. ఈ ఏడాదికి తప్పుకో," అన్నాడు. తర్వాత మళ్ళీ, "కానీ వాడు అక్కడికే వస్తాడేమో," అన్నాడు.

వస్తాడు. నాకు తెలుసు. అక్కడ అత్త ఒక్కతే ఉంటుంది.

భయం లేదని మార్చిలో రాశాను. అబద్ధం. వాడొచ్చే టైముకి మరుగుదొడ్లోకి పరిగెత్తేదాన్ని. అది కూడా రాసి పెట్టుకుంటున్నాను.

నవంబరు 9

జివానా రొట్టెల వ్యాను కొట్టు ముందు అడ్డంగా ఆపి లోపలికొచ్చింది. వెనక బస్సువాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

"ఏంటక్కా, చచ్చావా?"

"జలుబు."

"నీ మొహం జలుబు. వాడొచ్చాడని నేష్కో చెప్పాడు."

"ఊరంతా నవ్వుతోందట నన్ను చూసి."

"నవ్వనీ. నేను మొదటిసారి గుండు విసిరినప్పుడు పద్నాలుగేళ్ళు నాకు. గ్యాలరీలో మా ఊరివాళ్ళు 'ఎద్దు, ఎద్దు' అని అరిచారు. పతకం వచ్చాక నాతో ఫొటో దిగడానికి ఆ వెధవలే లైను కట్టారు." కౌంటరు మీద గుద్దింది. "వాడు నీ ఎముక విరిచాడు, అది అతుక్కుంది. ఇప్పుడు ఒక్క మాట అన్నాడు, దానికి మంచమెక్కావు. ఇనుమేమైందే?"

బస్సువాడు లోపలికొచ్చి తిట్టడం మొదలుపెట్టాడు. జివానా తిరిగి చూసింది. వాడు నోరు మూసుకుని పోయాడు.

సాయంత్రం వెళ్ళాను. అందరూ చూశారు. "కిటికీ ఎవడ్రా తెరిచింది!" అన్నాడు బాబాయ్. సంచి దగ్గరే ఉండిపోయాను.

నవంబరు 17

వెరిత్సా వదిన గోధుమలు ఏరుతోంది. స్లావా రోజు వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే తీపి గోధుమల పళ్ళెం చాపాలి. చెంచాడు నోట్లో వేసుకుని, శిలువ గీసుకుని, పండుగ శుభం అన్నాకే లోపలికి. గోధుమలు నోట పడందే అతిథి కాడు. పళ్ళెం ఎప్పుడూ వదినే పట్టుకుంటుంది.

"ఈసారి పళ్ళెం నేను పట్టుకుంటాను," అన్నాను.

వదిన చేతులు ఆగాయి. "వ్లాసోతింత్సెకి పోవా?"

"పోను."

"పళ్ళెం పట్టుకుంటే వాడికీ పెట్టాలి."

"తెలుసు."

"పెడతావా?"

వదిన నా మొహం చూసి, గోధుమల గిన్నె నావైపు తోసింది. "రాళ్ళుంటే తీసెయ్. నాకు కళ్ళు సరిగ్గా కనబడ్డం లేదు," అంది. వదినకి నలభై కూడా లేవు.

నవంబరు 22

నిన్న రాయలేకపోయాను. కుడి చెయ్యి వాచిపోయింది. మెల్లగా రాస్తున్నాను.

పొద్దున ఫాదర్ వచ్చి రొట్టె కోసి వైన్ పోశాడు. కొవ్వొత్తి వెలిగించాం. మధ్యాహ్నం నుంచి జనం. అన్నయ్య కొత్త కోటులో, ఇంటి యజమాని ఆ రోజు కూర్చోకూడదు కాబట్టి బల్ల చుట్టూ తిరుగుతూ వడ్డిస్తున్నాడు. నేను గుమ్మంలో. నీలం గౌను వేసుకోలేదు. చేతుల్లేని నల్ల గౌను వేసుకున్నాను. వచ్చిన ప్రతివాళ్ళ కళ్ళూ ముందు గోధుమల మీద, తర్వాత మోచెయ్యి మీద. చూడనీ. విరిచినవాడు సిగ్గుపడాలి గానీ నేనెందుకు?

టిహోమిర్ మెట్లెక్కాడు. సూటు, చేతిలో వైన్ సీసా. భయమేసింది. వేసింది, అబద్ధమెందుకు. కాళ్ళు మాత్రం కదల్లేదు.

"పండుగ శుభం," అన్నాడు పెద్దగా, లోపలికి వినపడేట్టు. చెంచా కోసం చెయ్యి చాపాడు. నేను పళ్ళెం వెనక్కి తీసుకున్నాను.

నవ్వాడు. మళ్ళీ చాపాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

"నీకు లేవు," అన్నాను.

లోపల చెంచాల చప్పుడు ఆగిపోయింది. టిహోమిర్ నా తల మీదుగా కేకేశాడు. "ల్యూబిషా! నీ చెల్లెలు కూమ్‌ని గుమ్మంలో నిలబెట్టింది చూడు!"

అన్నయ్య వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. "స్తామా, పెట్టు. పండుగ పూట అల్లరి చెయ్యకు."

"నువ్వు పెట్టు అన్నయ్యా." పళ్ళెం అన్నయ్య ముందుకి చాపాను. "ఇల్లు నీది, పండుగ నీది, కూమ్ నీవాడు. నీ చేత్తో నువ్వు పెట్టు. నేను తప్పుకుంటాను, ఒట్టు."

నిజంగానే అన్నాను ఆ మాట. పెట్టి ఉంటే తప్పుకునేదాన్ని. ఆ బల్ల దగ్గర వాడి పక్కన కూర్చునేదాన్నేమో కూడా. అన్నయ్య చేతులు లేచాయి, పళ్ళెం దాకా వచ్చాయి. నా మోచేతి గాటు అన్నయ్య కళ్ళకి బెత్తెడు దూరంలో ఉంది. చేతులు అక్కడే ఆగిపోయాయి. పెట్టలేదు, వద్దనీ అనలేదు. నా అన్న ఇంతేనని తెలిసినా గుండె మండిపోయింది.

"చాల్లే మీ నాటకం," అని టిహోమిర్ నా ఎడమ మోచెయ్యి పట్టుకున్నాడు. నవ్వుతూనే, బొటనవేలిని ప్లేటు చివరకి, ఎముక అతుక్కున్న చోటికి సరిగ్గా దించి నొక్కాడు. ఎక్కడ నొప్పో వాడికి తెలుసు. చేసినవాడు వాడే కదా. కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది.

పళ్ళెం కింద పడకూడదు. దేవుడివి ఆ గోధుమలు. "వదినా," అన్నాను. వెరిత్సా వదిన అప్పటికే నా వెనకే ఉంది. పళ్ళెం అందుకుంది.

కాలి మడమ నుంచి వచ్చింది. తుంటి తిరిగింది.

వాడి ముక్కు పగిలింది. నేష్కోది చిన్న చప్పుడు, ఇది పెద్దది. వెనక్కి తూలి మెట్ల మీద పడ్డాడు. వైన్ సీసా పగిలి, రక్తమేదో వైన్ ఏదో తెలియకుండా పోయింది. లేవబోయి మోకాళ్ళ మీద ఆగి, అరచెయ్యి అడ్డం పెట్టి, "చాలు, స్తామా, చాలు," అన్నాడు.

నేనూ అనేదాన్ని అలాగే. అదే గొంతుతో, ముద్దుపేరు పెట్టి. చాలు, టికా, చాలు. ఎప్పుడైనా ఆగాడా?

మెట్లు దిగి, ఆ అడ్డం పెట్టిన చెయ్యి పక్కకి లాగి, మళ్ళీ కొట్టాను. ఈసారి నోటి మీద. పన్ను ఒకటి నా కణుపులో దిగింది. వాడు ఏడ్చాడు. టిహోమిర్ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. వెక్కి వెక్కి, ముక్కు చీదుకుంటూ, వీధిలో జనం ముందు. తర్వాత లేచి, గోడ పట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు.

మొదటిది తప్పదు. రెండోది అక్కర్లేదు. కొట్టాను. బాగుందనిపించింది, సిగ్గు వెయ్యలేదు.

తిరిగి చూస్తే గుమ్మం నిండా జనం. అన్నయ్య, "కూమ్‌ని కొట్టావ్. కూమ్‌ని," అంటూ చెప్పుల బల్ల మీద కూర్చుండిపోయాడు. స్లావా రోజు ఇంటి యజమాని కూర్చున్నాడు. అందరూ చూశారు.

అప్పుడు అమ్మ లేచింది. కర్ర పట్టుకుని లోపలినుంచి వచ్చి, అన్నయ్య పక్కనించి దాటి, గుమ్మంలో నిలబడింది. "రండి, లోపలికి రండి. సూప్ చల్లారిపోతోంది," అంది జనంతో. చీకటి పడేదాకా అమ్మ కూర్చోలేదు.

నవంబరు 24

వాడు కేసు పెట్టలేదు. పెట్టాలంటే ఆడదాని చేతిలో తన్నులు తిన్నానని స్టేషన్లో రాయించాలిగా. బస్సెక్కి వాళ్ళ అన్న ఊరికి పోయాడట. మళ్ళీ రాడని చెప్పలేను. వస్తే వస్తాడు.

అన్నయ్య నాతో మాట్లాడ్డం లేదు. వదిన మాట్లాడుతోంది, అన్నయ్య వినేట్టు.

మధ్యాహ్నం నేనూ అమ్మా పండుగ గిన్నెలు సర్దుతున్నాం. అమ్మ పళ్ళేలు తుడుస్తోంది. గోడ మీద నాన్న ఫొటో ఉంది. అమ్మ ఎప్పట్లాగే ఏమీ అనడం లేదు. నేను కొట్టినందుకు బాధపడుతోందనుకున్నాను.

"అమ్మా, నామీద కోపమా?"

"లేదు." ఇంకో పళ్ళెం తీసుకుంది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. "రెండో దెబ్బకి ఏడ్చాడు కదా వాడు?"

"ఆఁ."

అమ్మ గుడ్డ కింద పెట్టి, ఫొటో వైపు చూసింది.

"మీ నాన్న కూడా ఏడ్చేవాడేమోనే," అంది.